ఊరు పోయినవారి పాట

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలు పోవు దారిలో రామంతాపూర్ ఉన్నది. అచ్చట దూరదర్శన కేంద్రము కలదు. దాని కెగువనున్న నాచారములో 1970ల దశాబ్దమున నందమూరి తారక రామారావుగారు రామకృష్ణ సినీ స్టూడియోను నెలకొల్పిరి. పాటను కట్టి, బొమ్మను పట్టి ఊరూరికి పంపు పని ఈ పేటలకు కొత్త కాదు. అయినను మేము నేడు ప్రస్తావింపదలచిన పాట ఆ కేంద్రములోను పుట్టలేదు, ఆ స్టూడియోలోను పుట్టలేదు. రామంతాపూరులో ఒక వీథిలో ఇల్లు కట్టుచున్న చోట, స్లాబు వేయు దినమున, కాంక్రీటు కలుపు యంత్రపు మ్రోత ఆగిన కొద్ది నిమిషములలో అది మా చెవిని బడినది.

పాడినవారు పాలమూరు కూలీలు. మహబూబునగరు జిల్లానుండి పనికై వచ్చువారిని హైదరాబాదులోనే కాదు, దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను ఆ పేరుతోనే పిలుచుట తరతరముల వాడుక. యంత్రము ఆగగానే స్త్రీలు గమేళాలు బోర్లించి నీడకు చేరిరి. అందులో పెద్దామె ఒకతె ఉయ్యాల పాట అందుకొన్నది. మిగిలినవారు బతుకమ్మనాడు పాడినట్లే ప్రతి చరణము చివర ఉయ్యాల కలిపిరి. పాటలో దేవుడు లేడు, రాజు లేడు. ఒక చెరువు పేరు, ఒక చింతల తోపు, పుట్టి ఎక్కు రేవు, కుమ్మరివాడ, ఒక మళ్లకుంట, వరుసగా పేర్లే వచ్చుచుండెను. మేము దగ్గరకు పోయి, “అమ్మా, ఇది ఏ ఊరి పాట?” అని అడిగితిమి. “మా ఊరిదే బిడ్డా” అన్నది. “మీ ఊరెక్కడ?” అన్నాము. ఆమె చేతిలోని నీళ్ల చెంబు దించి, “ఊరెక్కడిది బిడ్డా, ఊరు కృష్ణల మునిగె. నీళ్లల్ల ఉన్నది” అన్నది.

ప్రతిఘటన యనగానే మనకు జెండాయు, తుపాకియు, ఊరేగింపును స్ఫురించును. ఆ అర్థము తప్పు కాదు. కాని పీడనము ఏడాదికొక దినము వచ్చునది కాదు గదా. అది ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు ఉండును. కాబట్టి దానిని ఎదుర్కొను సాధనము కూడ ప్రతిదినము చేతికందు వస్తువై ఉండవలెను. పాట అట్టిది. ఇటీవలి కాలమున చలనచిత్రము, చేతిలో ఇముడు కెమెరా కూడ అట్టివైనవి. ఈ సాధనములు ఏ విధముగ పని చేయునో మన తెలుగునాట జరిగిన సంగతులను బట్టియు, సముద్రమున కావలనున్న పాలస్తీనావారి అనుభవమును బట్టియు వివరించుటకు ఇచ్చట ప్రయత్నింతుము.

నిజాము రాజ్యములో సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని ఒక ఉత్తరువుండెడిది. దానిని గస్తీ నిషాన్ 53 అనెడివారు. సభ కనగా నలుగురు కూడుట, ఒకడు మాటలాడుట. అది నేరమైనది. కాని నాట్లు వేయునపుడు నలుగురు స్త్రీలు కూడక తప్పదు, పాడక పని సాగదు. నాటు పాటకు అనుమతి కావలెనని ఏ సర్కారును ఉత్తరువు చేయజాలలేదు. ఆనాటి తెలంగాణములో వెట్టి చాకిరి చేయువాడు దొర ఎదుట నిలిచి పలుకదగిన మాట ఒక్కటే: “నీ కాల్మొక్త బాంచెను.” ఆ ఒక్క మాట తప్ప తక్కిన మాటలన్నియు పాటలోనికి పోయి దాగినవి.

నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామమునకు చెందిన సుద్దాల హనుమంతు ఈ మర్మమును బాగుగ నెరిగినవాడు. ఆయన రచించిన ‘పల్లెటూరి పిల్లగాడా’ అను పాట పసుల గాయు బాలుని గూర్చినది. అందు విప్లవ సిద్ధాంతమేమియు లేదు. పాలు మరచినది ఎన్నడో, కూలి ఎంతో, కాలికి దిగిన ముల్లేమో విచారించు కన్నతల్లి వంటి స్వరము మాత్రమున్నది. అంత చిన్న ప్రశ్నలను ఆ బాలు నెవ్వరును అంతవరకు అడిగి ఉండలేదు. అడుగుటయే తిరుగుబాటయినది. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ ధోరణి వేరు. అది నేరుగ నైజాము ప్రభువును నిలదీసి పిలుచు పాట. ఈ రెండును ఒకే ఉద్యమములోనివి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గుండు దెబ్బకు కూలిన నాటినుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటములో ఇట్టి పాటలు ఎన్ని పుట్టినవో లెక్క పెట్టినవారు లేరు. వ్రాసికొన్నచో పట్టుబడుదురు, అందుచేత కంఠములందే దాచుకొనిరి.

కోస్తా జిల్లాలలో ఈ పనినే బుర్రకథ చేసినది. 1943లో భారత ప్రజానాట్య సంఘము వెలసిన కాలముననే మన ప్రాంతమున ప్రజానాట్యమండలి పుట్టినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోసినవాడు. కథకుడు తంబుర భుజమున వేసికొని, చేతి వ్రేళ్లకు అందెలు తొడిగి నడుమ నిలుచును. ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. అందొకడు హాస్యగాడు. రెండవవాడు రాజకీయము చెప్పువాడు. పల్నాటి యుద్ధము నడుచుచుండగా రాజకీయపు వంత ఒక్కసారి కథ నాపి, “అన్నా, మన ఊరిలో రేషను బియ్యము సంగతేమి?” అని అడుగును. బ్రహ్మనాయుని కాలమునుండి శ్రోత ఒక్క గంతులో తన కాలమునకు వచ్చి పడును. పోలీసు అధికారి ముందు వరుసలో కూర్చుండి వ్రాసికొనినను చెప్పినది పాత కథయే. నవ్వినది మాత్రము నేటి సంగతికి.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన ‘మాభూమి’ నాటకమును మదరాసు ప్రభుత్వము నిషేధించినది. నాటకమునకు రంగస్థలము, తెరలు, దీపములు, టిక్కెట్లు కావలెను గనుక నిషేధించుటకు ఏదో ఒక వస్తువు ప్రభుత్వము చేతికి దొరకును. పాటకు అవి ఏవియు అక్కరలేదు. ఈ భేదమును పాఠకులు గమనింపగోరెదము. ముందు సినిమాను గూర్చి చెప్పునపుడు దీని అవసరము కలుగును.

ఇప్పుడు కొంత దూరదేశమునకు పోవుదము. హిప్‌హాప్ అను సంగీతపు పేరు విన్నంతనే మన పెద్దలు చెవులు మూసికొందురు. అందులకు కొంత కారణము లేకపోలేదు. 1994లో ‘ప్రేమికుడు’ చిత్రముతో ర్యాప్ అనునది మన తెలుగు వీథులలోనికి వచ్చినది గంతులతోను నవ్వులతోను మాత్రమే. దాని పుట్టుక సంగతి ఎవ్వరును చెప్పలేదు. న్యూయార్కు నగరములో బ్రాంక్స్ అను పేట గుండ పెద్ద రహదారి నొకదానిని వేయుటకై వేలాది పేద కుటుంబములను లేవగొట్టిరి. మిగిలిన ఇండ్లు పాడుపడెను. అట్టి పేటలో 1973 ఆగస్టులో ఒక విందులో కూల్ హెర్క్ అను యువకుడు, పాటలో గాత్రమాగి కేవలము తాళవాద్యము మ్రోగు చిన్న ముక్కను రెండు రికార్డులమీద మార్చి మార్చి తిప్పి, అంతులేని దరువుగా చేసెను. ఆ దరువుమీద మాటలను తాళబద్ధముగా విసరుటయే ర్యాప్. వాద్యగాండ్రను పిలుచుటకు డబ్బు లేనివారు పాత రికార్డులనే వాద్యములుగ చేసికొనిరి. అనగా ఈ సంగీతమే ఇల్లు పోయినవారి పేటలో పుట్టినది.

టెల్ అవీవ్ నగరమునకు సమీపమున లిద్ అను ప్రాచీన పట్టణమున్నది. ఇస్రాయేలువారు లోద్ అందురు. 1948 జూలైలో ఆ ఊరి అరబ్బులలో అత్యధికులను వెళ్లగొట్టిరి. ఆ సంవత్సరమున పాలస్తీనా మొత్తముమీద ఇండ్లు విడువవలసి వచ్చినవారు ఏడు లక్షలకు పైబడిరి. లిద్‌లో మిగిలిన కొద్దిమంది సంతతివారైన తామెర్ నఫార్, అతని తమ్ముడు సుహేల్, స్నేహితుడు మహమూద్ జ్రేరి 1990ల చివర ‘దామ్’ అను బృందముగా ఏర్పడిరి. అరబ్బీలో ఆ మాటకు నిలిచియుండుట అని అర్థము, హీబ్రూలో రక్తము. 2001లో వారు ‘మీన్ ఇర్హాబీ’ అను పాటను విడుదల చేసిరి. ఉగ్రవాది యెవడు అని దాని పేరునకు అర్థము. ఏ కంపెనీయు దానిని అమ్మలేదు. ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా చేతినుండి చేతికి పోయినది. నాటు పాట మడినుండి మడికి ప్రాకినట్లే.

బుర్రకథకు, ఈ ర్యాపునకు పోలిక యేమి అని కొందరు నవ్వవచ్చును. మాకు పోలిక స్పష్టముగనే కనుపించుచున్నది. రెండింటను దరువు ముందు, రాగము వెనుక. రెండింటను ఒకడు పలుకగా ప్రక్కవాడు అందుకొనును. రెండింటను నిన్న జరిగిన సంగతి నేటి రాత్రి పాటలోనికి వచ్చును. దామ్ బృందము అరబ్బీలోను, హీబ్రూలోను, ఆంగ్లములోను పాడుటలో ఒక ఎత్తుగడ యున్నది. తన బాధను తనవారికి చెప్పుట యొక పని. బాధపెట్టువాని భాషలో వాని చెవిలోనే చెప్పుట మరియొక పని. 2008లో జాకీ సల్లూమ్ తీసిన ‘స్లింగ్‌షాట్ హిప్‌హాప్’ అను వార్తాచిత్రము ఈ పాటగాండ్రను గూర్చినదే. లిద్‌లో నున్నవారు, గాజాలో నున్నవారు ఒకరి పాట నొకరు వినుచునే యుందురు. కాని నడుమ నున్న తనిఖీ కేంద్రములు వారిని కలియనీయవు. రెండు గంటల ప్రయాణము కంటె తక్కువ దూరములో నున్నవారు ఒకే వేదికమీద నిలువలేకపోవుట ఎట్టిదో ఆ చిత్రమును చూచినవారు మరువలేరు.

సినిమా సంగతికి వత్తము. పాటకు ఊపిరి చాలును. సినిమాకు ధనము, యంత్రములు, సెన్సారు వారి సమ్మతి, ప్రదర్శించుటకు థియేటరు, ఇవన్నియు కావలెను. ఇన్నింటికి లోబడిన కళ పీడితుని పక్షమున నిలువగలదా? చాలకాలము మన తెలుగు సినిమాలో పల్లె యనగా రంగు వేసిన పల్లెయే. దొర మంచివాడగును, లేదా హీరో చేతి దెబ్బలు తిని మారును. కూలివాడు పాటలో నాట్యమాడును. ఆ చిత్రములను తూలనాడుట మా ఉద్దేశము కాదు. వానిని చూచి మేమును ఆనందించితిమి. కాని అందులో వెట్టివాని ముఖము కనుపించలేదు.

1980 మార్చిలో విడుదలయిన ‘మాభూమి’ చిత్రములో కనుపించినది. పైని చెప్పిన నాటకమునకు, ఈ చిత్రమునకు పేరొకటియే గాని కథ వేరు. ఇది కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారముగ తీసినది. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు; కథాచిత్రము తీయుట ఆయనకదియే మొదలు. కథానాయకుడు రామయ్య పేద రైతు బిడ్డ. తాను మనసిచ్చిన పిల్ల దొర గడీ పాలగుట చూచి సహింపలేక ఊరు విడిచి హైదరాబాదు చేరును. కార్మికుడగును. లోకము తెలిసికొని మరల ఊరికి వచ్చును. పల్లెలో బ్రదుకలేక ఉప్పలు, నాచారము కార్ఖానాలకు వచ్చిన వారి కథ కూడ చాలవరకు ఇట్టిదే; మరల పోవుట యొక్కటే అందరికి సాధ్యము కాలేదు. ఆ చిత్రములో సుద్దాల హనుమంతు పాటను సంధ్య పాడినది. ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ పాడి తెరమీద కూడ కనుపించెను. ముప్పది సంవత్సరములు కంఠములందు దాగిన పాట అట్లు తెరకెక్కి, తెలంగాణము చూడనివారి నోళ్లలోనికి కూడ చేరినది.

మా మనస్సునకు మాత్రము అంతకంటె గాఢముగ నాటినది నరసింగరావుగారు 1988లో తీసిన ‘దాసి’. అందులో పోరాటము లేదు, జెండా లేదు, పాటయు లేనట్లే. గడీలో దాసి కమలాక్షి దినచర్య యున్నది. నీళ్లు తోడుట, దీపము పెట్టుట, దొర కాళ్లు పిసుకుట, పిలుపునకు లేచిపోవుట, తన కడుపులోని బిడ్డను గూర్చి నిర్ణయము చేయుటకు కూడ తనకు హక్కు లేకుండుట. కమలాక్షిగా నటించిన అర్చనకు ఉత్తమ నటి బహుమానము వచ్చినది. కళాదర్శకత్వమునకు చిత్రకారుడు తోట వైకుంఠమునకు వచ్చినది. మొత్తముమీద అయిదు జాతీయ బహుమానములు. బహుమానముల మాట యటుండనిండు. ఆ చిత్రములో గచ్చుమీద పాదముల చప్పుడు వినునపుడు, ఆ గడీలో పనిచేసిన వేలాది స్త్రీలలో ఒక్కతె పేరైనను ఏ దస్తావేజులోను లేదని మనకు తట్టును. ఎవరిని లెక్కలోనికి తీసికొనలేదో వారి పనిని నిమిషము నిమిషముగ చూపుటయే ఆ చిత్రము చేసిన ఎదిరింపు.

పాలస్తీనావారి చిత్రములు కూడ ఈ దారినే నడచినవి. 1969లో ఇస్రాయేలు ప్రధాని గోల్డా మెయిర్, పాలస్తీనీయులను జాతి యొకటి లేదను భావమున మాటలాడెను. 1974లో ముస్తఫా అబూ అలీ తీసిన చిత్రము పేరు ‘వారు లేరు’. ఆ పేరే ఆ మాటకు ప్రత్యుత్తరము. లెబనానులోని నబతియా శరణార్థి శిబిరములో ఒక చిన్నపిల్ల దూరమున నున్న యోధునకు ఉత్తరము వ్రాయుటతో ఆ చిత్రమారంభమగును. శిబిరపు ఇరుకు సందులు, వంట, పిల్లలు. తరువాత విమానముల బాంబులు. లేరన్న వారి చేతివ్రాతను చూపుటకంటె పదునైన జవాబు లేదు. అబూ అలీ తన సహచరులతో 1968లో ప్రారంభించిన చిత్రబృందము పట్టిన ఫిలిములన్నియు బేరూతులో భద్రపరచిరి. 1982లో ఆ నగరముమీద దండయాత్ర జరిగిన కాలమున ఆ భాండాగారము మాయమయినది. మనుష్యులతోపాటు వారి బొమ్మలును నిర్వాసితములైనవి.

తరువాతి తరమువాడు ఏలియా సులేమాన్. 2002లో కాన్ ఉత్సవమున జ్యూరీ బహుమానమందిన ఆయన చిత్రములో ఒక ప్రేమ జంట యున్నది. అతడు జెరూసలేమువాడు, ఆమె రమల్లానుండి దాటి రారాదు. తనిఖీ కేంద్రము ప్రక్కన కారు నిలిపికొని, మాటలాడక చేతులు పట్టుకొని కూర్చుందురు. అంతియే. ఆ మౌనములో ఒక హాస్యము కూడ కలదు. ఇట్టి హాస్యమును మన బుర్రకథ వంత తప్పక మెచ్చుకొనును.

ఇక ఇమాద్ బుర్నత్ సినిమావాడే కాడు. బిలిన్ గ్రామపు రైతు. 2005లో నాలుగవ కుమారుడు పుట్టగా, బిడ్డ ముద్దుముచ్చటలు పట్టుకొనుటకు కెమెరా కొన్నాడు. అదే కాలమున ఊరి భూములగుండ గోడ వచ్చినది. బిడ్డ నడక నేర్చుట, ఆలివు చెట్లు కూలుట, ఊరివారు ప్రతి శుక్రవారము గోడ దగ్గరకు పోవుట, అన్నియు ఒకే కెమెరాలో పడెను. కెమెరా పగిలినది. మరియొకటి తెచ్చెను. అదియు పగిలినది. ఈ విధముగ అయిదు. గయ్ దవిదీ అను ఇస్రాయేలువాని తోడ్పాటుతో 2011లో అది ‘అయిదు పగిలిన కెమెరాలు’ అను చిత్రమై ఆస్కారు పోటీవరకు పోయినది. 2025లో ఆస్కారు పొందిన ‘నో అదర్ లాండ్’ కూడ ఇట్టిదే. మసాఫర్ యత్తాలో ఇండ్లు కూల్చబడుచున్న కుటుంబములను ఆ ఊరివారును, ఇస్రాయేలు స్నేహితులును కలిసి సంవత్సరములతరబడి పట్టిన చిత్రము. థియేటరు, స్టూడియో, పెట్టుబడి అను మూడింటిని కెమెరా కొంత వదిలించుకొని పాటవలె తేలికయైనదని పాఠకులు గ్రహించియే యుందురు. నిషేధించుటకు చేతికి దొరకు వస్తువు ఇప్పుడు కెమెరా యొక్కటే. అందుచేతనే అది పగులుచున్నది.

మరల మన పెద్దామె ఊరి సంగతి. శ్రీశైలము ఆనకట్టవలన కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరునకు పైగా గ్రామములు మునిగినవి. సుమారు లక్షమంది లేచిపోవలసివచ్చెను. 1981 వేసవిలో కదలనివారి ఇండ్లను ప్రభుత్వము పడగొట్టించినది. అదే మునకలో కృష్ణా తుంగభద్రల సంగమముననున్న కూడవెల్లి సంగమేశ్వరాలయము కూడ పడవలసియుండెను. పురావస్తు శాఖవారు ఆ గుడిని రాయి రాయిగ విప్పి, అలంపురమునకు తెచ్చి, యథాతథముగ నిలిపిరి. నేడును పోయి చూడవచ్చును. మేమును చూచితిమి. ఎంతో నేర్పుగ చేసిన పని. దానిని మెచ్చుకొనక తప్పదు. ప్రతి రాతికి తన స్థానము తిరిగి దొరకినది. ఆ గుడి చుట్టు బ్రదికిన మనుష్యులకు అట్టి లెక్క జరుగలేదు. ముంపు కుటుంబములకు ఉద్యోగములిత్తుమని 1986లో 98వ నంబరు ఉత్తరువు వచ్చినది. దానికై దరఖాస్తు పెట్టుకొన్నవారి పిల్లలు కూడ పెద్దవారై, ఆ నంబరును ఊరి పేరువలె పలుకుచు తిరిగిరి.

పాలస్తీనాలో 1948న శూన్యమైన గ్రామముల పేర్లను వలీద్ ఖాలిదీ అను చరిత్రకారుడు 1992లో ఒక గ్రంథముగ సంకలించెను. 418 గ్రామములు. ఏ ఊరిలో ఎన్ని ఇండ్లు, ఏ పంట, ఏ బావి, నేడచ్చట ఏమున్నది అని ఒక్కొక్కటిగ వ్రాసెను. రామంతాపూరు మేడ నీడలో కూర్చుండి చెరువును, చింతల తోపును, రేవును వరుసగా పలికిన పెద్దామె చేసిన పని ఇంతకంటె భిన్నమా? ఆమెకు కాగితము లేదు. ఉయ్యాల పాట వరుస యున్నది. చరణము వెనుక చరణము పేర్చుకొనుటకు అనువైన వరుస గనుక ఊరంతయు అందులో ఇమిడినది.

ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. పాలస్తీనా వేరు, పాలమూరు వేరు. అచ్చట యుద్ధము, ఆక్రమణ, ఒక జాతి తన దేశమును పోగొట్టుకొనుట. ఇచ్చట మన ప్రభుత్వమే, మన పొలములకు నీరు, మన ఇండ్లకు విద్యుత్తు ఇచ్చుటకై కట్టిన ఆనకట్ట. ఈ వ్యాసము వ్రాయుచున్న దీపము వెలుగులో కూడ ఆ మునిగిన ఊళ్ల పాలు కొంత యున్నది. కాబట్టి రెంటిని ఒకే గాటన కట్టుట న్యాయము కాదు. కాని ఊరు పోయిన మనిషి రాత్రివేళ కన్నులు మూసినపుడు ఏ త్రోవన నడచి ఏ ఇంటికి పోవునో ఆ త్రోవ రెండు చోట్లను ఒకటియే.

మరియొక చిక్కు. పాట గెలిచిన తరువాత ఏమగును? గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ అను పాట 2002లో ‘కుబుసము’ చిత్రముద్వారా లోకమునకు తెలిసినది. చేతివృత్తులొక్కొక్కటి ఎట్లు ఆరిపోవుచున్నవో అందు వరుసగా చెప్పబడినది. దానిని రైతులు పాడిరి, ఉద్యమకారులు పాడిరి, ఆ వృత్తుల నార్పివేసిన వ్యాపారముల వారు కూడ తమ వేడుకలలో వేయించుకొని తలలూపిరి. పాట అందరిది కాగానే దాని ములుకు విరుగునా? గద్దర్ జీవితము ఈ ప్రశ్నకు మరింత పదును పెట్టును. తూప్రానులో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గొంగడి భుజమున వేసి, కాళ్లకు గజ్జెలు కట్టి జననాట్యమండలి పాటలు పాడెను. ఆయన చాలకాలము నమ్మిన సాయుధ మార్గమును గూర్చి అభిప్రాయభేదములు తీరనివి, మాకును కలవు. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటి దగ్గర ఆగంతకులు కాల్పులు జరిపిరి. అందొక గుండు 2023లో చనిపోవువరకు ఆయన శరీరములోనే యుండెను. 2025లో తెలంగాణ ప్రభుత్వము చలనచిత్రములకిచ్చు బహుమానములను గద్దర్ పేరనే ఇచ్చినది. పాటగానికి గౌరవము దక్కుట సంతోషమే. కాని పట్టుపంచెలు, మెరుపు దీపములు గల ఆ వేదికమీద గొంగడి గట్టి దరువు వేసి ప్రశ్నించువాడు లేచి నిలిచిన యెడల ఆతని కేమి మర్యాద జరుగునో ఊహించుట కష్టము.

దీనికి మావద్ద పరిష్కారము లేదు. ఒక్కటి మాత్రము చెప్పగలము. వేదిక ఎక్కిన పాట పాతబడినను, ఎక్కని పాటలు కూలి బండ్లమీద, పునరావాస కేంద్రములలో, శిబిరముల ఇరుకు సందులలో క్రొత్తగ పుట్టుచునే యున్నవి. లిద్ కుర్రవాడు తన వీథి పేరు పాటలో వేయును. బిలిన్ రైతు తన బిడ్డ ముఖము కెమెరాలో పట్టును. వీరెవరును కళకొరకు చేయలేదు. పేరు మరుపున పడకుండుటకు చేసిరి.

ఆనాడు మేము పెద్దామెను ఆ పాట మరల పాడుమని, మావద్ద నున్న చిన్న యంత్రములో పట్టుకొందుమని కోరితిమి. ఆమె నవ్వి, “గిది రేడియల వస్తదా?” అన్నది. ప్రయత్నింతుమంటిమి. కాని ఆమె ప్రక్కన కూర్చున్న మనుమరాలు అంతకుముందే తన ఫోనులో పట్టియుంచినది. ఆ పిల్ల ఊరిని చూడలేదు, ముంపు తరువాత పుట్టిన తల్లికి పుట్టినది. అయినను రెండు చోట్ల అవ్వను ఆపి, “కుంట పేరు ముందొస్తది, రేవు కాదు” అని దిద్దినది. అవ్వ ఒప్పుకొనలేదు. ఇద్దరును ఆ కుంట ఏ దిక్కున ఉండెనో వాదించుకొనుచుండగనే మేస్త్రి కేక వేసెను. యంత్రము మరల తిరిగినది. గమేళాలు నెత్తిన బెట్టుకొని వారు మేడమెట్లెక్కిరి.